సూదిని లేపు చేయి



గ్రామఫోను రికార్డు మీద పాట ముగిసిన తరువాత ఏమి జరుగునో మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. గాయకుడు ఊరకుండును, వాద్యములు ఊరకుండును, కాని పళ్లెము ఊరకుండదు. సూది చివరి గాడిలో పడి, అదే చోట గుండ్రముగా తిరుగుచు, టిక్కు టిక్కుమని ఒకే చప్పుడు చేయుచుండును. ఎవరో ఒకరు లేచి వచ్చి దానిని ఎత్తువరకు అంతే. ఈ నెల నేను మీతో మాటలాడగోరినది అట్లు లేచి వచ్చు మనిషిని గూర్చియు, ఆ మనిషి లేని ఇంట ఆ పని చేయుటకై మేము చేతితో చేసి అమర్చిన ఒక చిన్న ఇత్తడి పరికరమును గూర్చియు.

మొదటి దినములలో ఈ చిక్కు ఇంతగా లేదు. 1877లో ఎడిసన్ గొట్టము మీద ధ్వనిని పట్టెను. 1887లో బెర్లినర్ బల్లపరుపు రికార్డు యంత్రమునకు పేటెంటు కోరెను. అటు తరువాత చాలకాలము ఇండ్లలోనికి వచ్చిన యంత్రములు కీ తిప్పి ఆడించునవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల రికార్డు ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే పాడును. ఉక్కు సూదిని ప్రక్క ప్రక్కకు మార్చవలెను. కనుక వినువాడు యంత్రము చెంతనే యుండెడివాడు. ఒకవేళ మరచి లేచిపోయినను, స్ప్రింగు విడిపోయి యంత్రము తనంతట తానే నిలిచిపోవును. 1939లో లాస్ ఏంజిలిస్ నగరములో జాయ్ రిడ్డర్‌హాఫ్ అను సోదరి గాస్పెల్ రికార్డింగ్స్ అను పరిచర్యను ఆరంభించెను. విద్యుత్తు లేని పల్లెలకు ఆ పరిచర్య పంపిన చిన్న యంత్రములు చేతితో త్రిప్పునవే. అట్టమడతతో చేసినవియు వానిలో కలవు. త్రిప్పు చేయి ఆగిన యెడల పాటయు ఆగును. చేతికి అలుపు తెలియును గదా!

1948లో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద రికార్డును అమ్మకమునకు తెచ్చిరి. దాని ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడును. త్రిప్పునది విద్యుత్తు మోటారు. వినువాడు కుర్చీలో వెనుకకు వాలగలిగెను, కన్ను మూయగలిగెను. పాట ముగియకముందే నిద్ర వచ్చుటయు అప్పుడే మొదలాయెను. మోటారునకు నిద్ర లేదు. రాత్రి పది గంటలకు చివరి గాడిలో పడిన సూది ఉదయము ఆరు గంటల వరకు తిరిగిన యెడల, లెక్క వేసి చూడుడి, 16,000 చుట్లు తిరుగును. పాట లేని గాడిలోను సూది అరుగును. వజ్రపు మొన ఆయువు కొన్ని వందల గంటలు మాత్రమే. నీలమణి మొనకు అందులో కొద్ది భాగమే. ఇంగ్లాండు దేశపు బీటిల్స్ బృందమువారు 1967లో తమ రికార్డు యొక్క ఆ చివరి గాడిలో సయితము వింత శబ్దములను నింపిరి. ఎవరైన లేచి వచ్చి సూదిని ఎత్తిననే గాని ఆ గోల ఆగదు!

ఇక అసలు సంగతికి వత్తును. భూపాలపల్లిలో ఒక పెద్దాయన ఉన్నారు. సింగరేణి గనులలో భూమి క్రింద పని చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. వారి యింట ఒక పాత రికార్డు యంత్రమును, ఒక పెట్టె నిండ రికార్డులును ఉన్నవి. ఘంటసాలవారివి, సుశీలమ్మగారివి, కొన్ని క్రైస్తవ కీర్తనలు. జీతము వచ్చిన దినములలో హైదరాబాదు వెళ్లినప్పుడెల్ల భార్యాభర్తలు ఇరువురును కలిసి ఎన్నుకొని తెచ్చుకొన్నవి. ఆ తల్లి చనిపోయి కొన్ని సంవత్సరములాయెను. నేను జనగామనుండి హనుమకొండ, పరకాల మీదుగా ఆ యూరికి వెళ్లినప్పుడెల్ల ఆ ఇంట ఒక పాట వినివచ్చుట వాడుక. ఒక పర్యాయము వెళ్లి చూడగా యంత్రము మీద గుడ్డ కప్పియుండెను. ఆరు నెలలుగా తీయలేదట.

"ఎందుకు పెద్దయ్యా?" అని అడిగితిని.

"పాట వెట్టుడు నాతోని అయితది అయ్యగారూ, సూది లేపుడే అయితలేదు. చేయి వణికి రికార్డు మీద గీత పడ్డది. ఆమె ఉన్నప్పుడు ఆమెనే లేపేది. నాకు నిద్ర వట్టినా ఆమె లేచి తీసేది."

పట్నములో ఉన్న కుమారుడు తండ్రికి ఫోనులో వేయి పాటలు వేసి యిచ్చెను. అది ప్రేమతో చేసిన పనియే. ప్రక్కింటి పిల్లవాడు పిలిచినప్పుడు వచ్చి సూది తీసెదనని చెప్పెను. అదియు ప్రేమయే. పెద్దాయన మాత్రము, "పాటకోసారి పోరగాణ్ణి పిలువాల్నా?" అని ఊరకుండిరి. కూర్చున్న చోట ఒక పాట వినుటకు ఇంకొకరి దయకొరకు కనిపెట్టవలసి వచ్చినప్పుడు, మనుష్యుడు పాటనే మానుకొనును. మన పెద్దలు అనేక సంగతులను ఈ విధముగానే మానుకొనుచున్నారు, మనకు తెలియదు.

మహబూబాబాదులో రేడియోలు బాగుచేసి జీవించిన ఒక వృద్ధ మిత్రుడు నాకున్నాడు. ఆయనతో ఈ మాట చెప్పగా, ఆయన మొదట పాత పెద్ద యంత్రముల పద్ధతిని నాకు వివరించెను. పాట సాగుచున్నంతసేపు సూదిని మోయు చేయి చాల మెల్లగా లోపలికి జరుగును. ఒక్కొక్క చుట్టునకు మిల్లీమీటరులో ఏడెనిమిదవ వంతు. పాట ముగిసి వెడల్పు గాడిలో పడగానే ఒక్క చుట్టులోనే ఎన్నో మిల్లీమీటర్లు జరుగును. మెల్లగా జరిగినంతకాలము పళ్లెము క్రింది కొక్కెము ప్రతి చుట్టుకును ఒక చిన్న నాలుకను వెనుకకు నెట్టివేయుచుండును. వేగముగా జరిగినప్పుడు ఆ నెట్టుడు చాలక, నాలుక కొక్కెమునకు చిక్కి, యంత్రమంతయు కదలి చేతిని లేపును. పాట ముగిసినదని యంత్రము నడక వేగమును బట్టి గ్రహించుచున్నదన్న మాట. ఎంత తెలివి! కాని దానిని ఇంట చేయుట కష్టము. మేము చోటును బట్టి గ్రహించు సులువైన పద్ధతినే ఎన్నుకొంటిమి. పెద్ద రికార్డు మీద పాట కేంద్రమునకు ఇంచుమించు 60 మిల్లీమీటర్ల దూరము లోపలికి పోదు. చివరి గాడి 53 మిల్లీమీటర్ల దగ్గర నున్నది. ఆ రెంటి నడుమనున్న ఏడు మిల్లీమీటర్లలోనే మా మీట చేతిని తాకవలెను. ముందుగా తాకినచో పాట చివరి చరణమును మ్రింగును. ఆలస్యమైనచో ఎన్నటికిని తాకదు.

జనగామ దగ్గర పెంబర్తి యున్నది గదా. ఇత్తడి రేకు పనికి ఆ యూరు దేశమందంతట పేరు పొందినది. అక్కడి పనివాడొకడు వంపు తిరిగిన ఒక సన్నని ఇత్తడి పట్టీని, దాని మీటను చేసి యిచ్చెను. వ్రేలి లావున ఒక గిన్నెను, అందులో దిగు ముషలకమును జనగామలో ఒక లేతు దుకాణమున చేయించితిమి. పట్టీ రికార్డు లోపలి అంచునుండి బయటి అంచు దాటువరకు చేతి క్రింద వ్యాపించియుండును. పాట సాగుచున్నప్పుడు అది చేతికి రెండు మిల్లీమీటర్ల దిగువన నిలుచును, తాకదు. గిన్నెలో చిక్కని సిలికాను నూనె పోసితిమి. నేను ఆముదము చాలునా అని అడుగగా, "మే నెలల నీళ్లయితది, పూసల గడ్డకడ్తది" అని నా మిత్రుడు నవ్వెను. సిలికాను నూనె ఎండకును చలికిని అంతగా మారదు. ఆ నూనె ముషలకము ప్రక్కనున్న ఇరుకు సందులోనుండి మెల్లగా జారవలెను గనుక, స్ప్రింగు ఎంత త్రోసినను పట్టీ దిగ్గున లేవక, రెండు మూడు సెకనులలో నిదానముగా లేచును.

కష్టమంతయు మీటలోనే యుండెను. పాత కీ యంత్రములలో సూది మీద నూరు గ్రాములకు మించిన బరువు ఉండెడిది. నేటి మంచి యంత్రములలో అది రెండు గ్రాములకు లోపు; పెద్దాయన యంత్రములో మరి కొంచెము ఎక్కువ. అంత తేలికగా గాడిలో నిలిచిన సూది, మీటను బలముగా త్రోయవలసి వచ్చినచో గాడి దాటి వెనుకకు దుమికి, పాడిన చరణమునే మరల పాడును. "మనం చేసే సాయం పాట మీద బరువు వెయ్యొద్దు" అని నా మిత్రుడు చెప్పెను. ఆయన ఆ మీటను త్రాసువలె తూచి, దాని కొనకు కొబ్బరి ఈనె ముక్కను అతికి, రెండు మూడు బియ్యపు గింజల బరువు సోకగానే కొక్కెము జారునట్లు చేసెను. అందుకు ఆయనకు పట్టిన కాలము మిగిలిన పనియంతటికిని పట్టలేదు.

చదువరులారా, మీరిప్పుడు అడుగవచ్చును: బియ్యపు గింజ బరువుతో కదలు మీట చేతిని ఎట్లు లేపును? మీట లేపదు. అది విడిచిపెట్టును, అంతే. లేపు బలము స్ప్రింగులో ముందే దాగియున్నది. దానిని అందులో దాచినదెవరు? పాట పెట్టినవారే. పట్టీ పైకి లేచియున్నప్పుడు పెద్దాయన చేతిని రికార్డు అంచు మీదికి వ్రేలితో జరుపుదురు. చేయి పట్టీ మీద ఆనియుండును గనుక వణుకు సూదికి చేరదు. తరువాత పట్టీ మీటను క్రిందికి నొక్కుదురు. నూనెలో ముషలకము దిగుచుండగా సూది మెల్లగా గాడిలో దిగును. అదే నొక్కుడుతో స్ప్రింగు బిగిసి కొక్కెమునకు తగులుకొనును. ఇరువది నిమిషముల తరువాత, వారు నిద్రలో నున్నను, లేపునది ఆ బలమే. అది మాది కాదు, పెద్దాయనది. మేము చేసినదెల్ల దానిని అవసరమైన గడియవరకు భద్రపరచుటయే. ఈ సంగతి నాకు అర్థమైన దినమున నా పరిచర్య అంతటిని గూర్చి కొంతసేపు ఆలోచించుచు కూర్చుంటిని.

ఆ తల్లి తుడిచి ఉంచుకొన్న పెట్టెకు రంధ్రము చేయుటకు పెద్దాయన ఒప్పుకొనలేదు. రెండు వైపుల అంటుకొను పట్టీతో పరికరమును అతికించితిమి. చేతి వెనుకనున్న బరువు దానిని త్రాసువలె నిలుపును గనుక, లేపవలసినది కొద్ది గ్రాములే, అంటు చాలును. ఒక మర త్రిప్పి ఎత్తును సరిచేసితిమి. పాట పెట్టిన తరువాత పెద్దాయన నిద్రపోలేదు; కన్నార్పక చూచుచుండిరి. పాట ముగిసెను, సూది లోపలికి జారెను, ఈనె కదలెను, చేయి మెల్లగా లేచి నిలిచెను. గది నిమ్మళమాయెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "గిట్లనే లేపేది ఆమె. చప్పుడు గాకుంట" అని చెప్పిరి.

మా పరికరము ఆ తల్లి స్థానమును నింపినదని నేను చెప్పను. అది చేతిని లేపునే గాని మోటారును ఆపదు. తెల్లవారి పెద్దాయన లేచి మీట నొక్కువరకు పళ్లెము వట్టిగనే తిరుగుచుండును. రికార్డును త్రిప్పివేయదు, దుప్పటి కప్పదు. అయినను సూది అరుగదు, రికార్డు చెడదు, ఎవరిని పిలువ నక్కరలేదు. యంత్రము మీది గుడ్డ తొలగినది. ఇప్పుడు ప్రతి సాయంకాలము ఆ యింట పాట వినబడుచున్నదని ప్రక్కింటివారు చెప్పుచున్నారు.

మీ యింటను చేయి వణకువారు, చూపు తగ్గినవారు ఉండవచ్చును. వారికొరకు మీరేదో చేయుచునే యున్నారు, నేను కాదనను. కాని మీరు చేయు సహాయమును ఒకసారి త్రాసులో వేసి చూడుడి. అది వారి పాట మీద బరువు వేయుచున్నదా? పాట ముగియకమునుపే చేయి పట్టుకొని లేపుచున్నదా? దిగ్గున లేపి అదరగొట్టుచున్నదా? మనకు సమయము చాలదు గనుక వారు మెల్లగా చేసికొనగలిగిన పనిని మనమే గబగబ చేసి, దానికి సేవ అని పేరు పెట్టుచున్నాము. వృద్ధుని చేతిలో ఇంకను మిగిలియున్న కొద్ది బలమును లేనట్టే ఎంచుచున్నాము. ఒక్కసారి నొక్కగలిగినంత బలము అనేకులలో మిగిలియున్నది. దానిని చెదరిపోనీయక అవసరమగు గడియవరకు పట్టి యుంచు కొక్కెమే వారికి కావలెను.

కావున ఈ వారములో ఒక దినము మీ పెద్దవారి చెంత కూర్చుండి, వారు ఈ మధ్య ఏమి మానుకొనిరో అడుగుడి. ఎందుకు మానుకొనిరో కూడ అడుగుడి. కారణము మీరనుకొన్నంత పెద్దది కాకపోవచ్చును. ఒక సూదిని లేపలేకపోవుటయే కావచ్చును.