మా ఇంటి టెన్నిస్ ఖాతా

టెన్నిస్ ఆడే అమ్మాయి అనగానే మన ఊళ్ళో అందరికీ సానియా మీర్జా గుర్తొస్తుంది. మా అమ్మాయిదీ అదే ఆట. ర్యాంకు మాత్రం ఆరొందలకు అటూ ఇటూ. "డబ్బు బాగానే వస్తుందేమో కదా వదినా" అని మా ఆడపడుచు అడిగితే అంకెలే చెప్పాను. అమ్మాయి ఎక్కువగా ఆడే డబ్ల్యూ15 టోర్నీ మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ విజేతకు అందులో వచ్చేది సుమారు 2,350. తొలి రౌండ్లో ఓడితే 150 కూడా రావు.

అదే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, క్వాలిఫయింగ్ తొలి రౌండ్లో ఓడినవాళ్ళకే 31,250 ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. అక్కడ చోటు దొరకాలంటే ర్యాంకు సుమారు 230 లోపు ఉండాలి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) 2013 సంవత్సరపు లెక్కలు తీసినప్పుడు, కోచ్ ఖర్చు కలపకుండానే, మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర రాబడీ ఖర్చూ సరితూగాయి. అంతకు దిగువన ఉన్నవాళ్ళు చేతి డబ్బు పెట్టుకుని ఆడాల్సిందే. అందుకే ప్రైజ్‌మనీని మేం ఆదాయం కింద రాసుకోం.

అమ్మాయి ప్రొఫెషనల్‌గా మారిన ఏడాదే వేరే ఖాతా తెరిచాం. ఏటా ఏప్రిల్లో నా జీతంలోంచీ, మావారికి వచ్చే అద్దెల్లోంచీ 12 లక్షలు అందులో వేస్తాం. ప్రైజ్‌మనీ కూడా దాంట్లోకే. ఆ ఖాతాలో డబ్బు అయిపోతే ఆ ఏడాదికి ప్రయాణాలు ఆగినట్టే. పీఎఫ్ ముట్టుకోం, ఇంటి కాగితాలు బ్యాంకు గడప తొక్కవు. నగలు కుదువపెట్టి పిల్లల్ని ఆడిస్తున్న తల్లిదండ్రులను చూశాను. ఆ పిల్లలు ప్రతి బ్రేక్ పాయింట్ దగ్గరా వడ్డీని కూడా మోస్తూ ఆడతారు. నా కూతురి మీద ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

డబ్బు నిజంగా మిగిలేదీ పోయేదీ ఏ వారం ఎక్కడ ఆడాలన్న నిర్ణయంలోనే. పుణె, బెంగళూరు, సోలాపూర్‌లలో ఐటీఎఫ్ టోర్నీలు ఉన్న వారాల్లో విదేశాల మాటెత్తం. విదేశం వెళితే ట్యునీషియాలోని మొనాస్టిర్, లేదా టర్కీలోని అంటాల్యా. అక్కడ డబ్ల్యూ15లు వారం వెంట వారం జరుగుతాయి. ఈ ఆటలో తిరుగు టికెట్ ఏ తేదీకి కొనాలో తెలియదు. మంగళవారమే ఓడిపోవచ్చు, ఆదివారం ఫైనల్ ఆడవచ్చు. తేదీ మార్చిన ప్రతిసారీ ఎయిర్‌లైన్స్‌కు కట్టాలి. ఒకే ఊళ్ళో మూడు వారాలు ఉంటే, ఓడినా ప్రాక్టీసు చేసుకుంటూ తర్వాతి టోర్నీకి ఆగుతుంది. టికెట్ తేదీ కదలదు. గదిని మరో అమ్మాయితో పంచుకుంటుంది, చాలాసార్లు డబుల్స్ జోడీ కూడా తనే. రాకెట్ తీగల గటింగ్‌కు ఇక్కడినుంచే 200 మీటర్ల రీళ్ళు పట్టుకెళుతుంది.

కోచ్‌ను వెంట పంపమని చాలామంది అన్నారు. పంపితే టికెట్టూ గదీ తిండీ రెండింతలవుతాయి. మ్యాచ్ వీడియోలు పంపితే ఆయన సికింద్రాబాద్ నుంచే చూసి రాత్రి ఫోన్లో మాట్లాడతారు. ఫిజియో ఖర్చు మాత్రం రూపాయి తగ్గించం. బీమా సంగతీ అంతే. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో ప్రొఫెషనల్ ఆటల్లో తగిలే దెబ్బలకు కవరేజీ ఉండదు. మినహాయింపుల పేజీ చదివి, ఎక్కువ ప్రీమియం కట్టి, ఆ కవరేజీ ఉన్నదే తీసుకున్నాం. బయట దేశంలో ప్రైజ్‌మనీ మీద పన్ను కోస్తే ఆ రసీదు భద్రంగా తెమ్మంటాను. ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు ఫారం 67తో ఆ పన్నుకు క్రెడిట్ అడిగాం.

మొన్న చలికాలం మణికట్టు నొప్పి వచ్చింది. ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలకు రాలిపోతాయి, ఆగితే ర్యాంకు జారుతుంది. నేను తటపటాయిస్తుంటే తనే అంది: "అమ్మా, పాయింట్లు మళ్ళీ తెచ్చుకుంటా. ముందు చెయ్యి బాగవనీ." రెండు నెలల ప్రయాణాల డబ్బు చికిత్సకు మళ్ళించాం.

ఈ వేసవిలో జర్మనీలో ఒక క్లబ్ తరఫున లీగ్ ఆడబోతోంది. గెలిచినా ఓడినా మ్యాచ్‌కి ఇంత అని ముందే మాట్లాడుకున్నారు. ఆ డబ్బు టెన్నిస్ ఖాతాలో వేయవద్దన్నాను. అది తన కష్టార్జితం, తన పేర పీపీఎఫ్‌లోకి వెళుతుంది.