అలీసాగర్ నుంచి బడాపహాడ్ దాకా: మూడు సైకిళ్లు, నలుగురం

  పోస్టు జర పెద్దగనే అయింది, తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

మా హాస్టల్ రూముల రాత్రిపూట ఒక్క ఫోన్ చుట్టు నలుగురం కూసుంటం. ఈ మధ్య అందుల గ్రావెల్ బైకింగ్ వీడియోలు మస్తు వస్తున్నయి. తారు రోడ్డు విడిచిపెట్టి మట్టి, కంకర, మొరం తొవ్వల మీద దూరం దూరం సైకిల్ తొక్కుడు అన్నట్టు. అమెరికాల కాన్సస్ రాష్ట్రంల ఎంపోరియా అనే ఊర్లె 2006 నుంచి దీని పోటీ పెడుతున్నరు. 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు, దాదాపు అంతా కంకర తొవ్వనే. దానికి వాడే సైకిల్ మన దగ్గర లక్ష రూపాయల దాకా ఉంటది, ఇంకా పైకి కూడా ఉంటది. చూసి నవ్వుకున్నం. మేం బడికి నడిచి పోయింది గసొంటి తొవ్వ మీదనే. దానికి ఒక పేరు ఉంటదని, దాని మీద తిరగనీకి మనుషులు పైసలు పెట్టి విమానం ఎక్కుతరని మాకు తెల్వదు.

మేం నలుగురం అంటే ఇద్దరం లంబాడీలం, ఒకడు నాయకపోడు, ఒకడు ఉట్నూరు దిక్కు గోండు. మా నాలుగు ఇండ్లల్ల కాలేజీ గేటు లోపలికి పోయింది మేమే మొదలు. అందరం డిగ్రీ ఆఖరు సంవత్సరం.

మా దగ్గర ఉన్నవి మూడు సైకిళ్లు. ఒకటి రేంజర్, ఒకటి గేర్లు ఉండి గేర్లు పడనిది, ఒకటి ఇంటి నుంచి తెచ్చిన నల్ల అట్లాస్. ఆ అట్లాస్ కంపెనీ ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3 నాడు మూతపడ్డది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఎవలైనా కావాలని చేస్తరా అట్ల! ఇంకో సంగతి చెప్తే మీకు నవ్వొస్తది. నల్ల సైకిల్ టైర్ మీద 28, ఒకటిన్నర అని రాసి ఉంటది కదా, దాని వెడల్పు 40 మిల్లీమీటర్లు. లక్ష రూపాయల గ్రావెల్ సైకిల్ టైర్ కూడా చాలా వాటికి అదే 40. మన తాతలు అరవై ఏండ్ల నుంచి గ్రావెల్ బైకింగ్ చేస్తున్నరు, వెనక క్యారేజీ మీద వడ్ల బస్తా పెట్టుకుని.

ఇగ అసలు సంగతి. దీపావళికి పది రోజుల ముందు మాలో ఒకడు ఇంటికి పోవాల్సి వచ్చింది. వాని తండా వర్ని దిక్కు ఉంటది. వాళ్ల బాపు చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోనీకి ముఖద్దం దగ్గర అడ్వాన్స్ తీసుకున్నడు. తెల్వనోళ్లకు చెప్తున్నం, ఆ పనిల మనుషులను తలకాయల లెక్కన లెక్కపెట్టరు, కోయ్తాల లెక్కన పెడతరు. కోయ్తా అంటే చెరుకు కొట్టే కత్తి. ఒక్క కోయ్తా అంటే ఇద్దరు, మొగుడు, పెండ్లాం. ఒకరు నరుకుతరు, ఒకరు ఆకు దూసి మోపు కడతరు. దీపావళి దాటినంక పోతే మళ్ల హోళీకో ఉగాదికో ఇంటికి వచ్చుడు. ఈ ఏడు వాళ్ల యాడికి నడుము పట్టేసింది, వంగుడు కాదు. కోయ్తా సగమైంది. ఆ సగం కొడుకు నింపాలని ఇంట్ల అనుకుంటున్నరు. ఫోన్‌ల ‘ఒకసారి వచ్చిపో’ అన్నరు, అంతే. వానికి సమజైంది, మాకు సమజైంది. ఐదో సెమిస్టర్ పరీక్షలు సరిగ్గ ఆ నెలలల్లనే.

ఒక్కన్ని పంపబుద్ధి కాలేదు. ఆడబిడ్డలకు బస్సు ఫ్రీ, మాకు కాదు. నలుగురికి పోను రాను టికెట్లు పెట్టే పైసలు లేవు. సైకిళ్లు తీసినం. తిన్నగ వర్ని రోడ్డు పట్టుకుంటే పొద్దుగాల పోయి పగటి అన్నానికి చేరొచ్చు. వాడే ‘అలీసాగర్ మీదికెల్లి, బోధన్ మీదికెల్లి చుట్టు తిరిగి పోదం’ అన్నడు. ఎందుకో మాకు ఎరుకే. అడగలేదు.

జానకంపేట దాకా తారు రోడ్డే. రోడ్డు పొడుగుత వడ్లు, మక్కలు ఆరబోసి ఉన్నయి, వాటి మీద రాళ్లు పెట్టి ఉంటరు, సైకిలోళ్లకు అవే గండాలు. జానకంపేటల లక్ష్మీనరసింహస్వామి గుట్ట, ఎనిమిది మూలల కోనేరు ఉన్నయి. కోనేరు ముందల ఆగి నీళ్లు తాగినం, అంతే. అశోక్ సాగర్ చెరువు పక్క నుంచే పోయినం కానీ అక్కడ ఫొటోలు దిగేటోళ్లు ఎక్కువ, ఆగలేదు.

అలీసాగర్ దగ్గర మాత్రం చాలా సేపున్నం. వానకాలం పోయిన కొత్తల ఆ చెరువును చూడాలె. గుట్టల నడుమ నీళ్లు, నీళ్ల మీదికి వంగిన చెట్లు, పైన గుట్ట మీద నిజాం కాలం నాటి గెస్ట్ హౌజ్. మంజీర మీద నిజాంసాగర్ డ్యామ్ 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిండ్రు. అలీసాగర్ కూడా ఆ కాలందే, ఆ కాలువ నీళ్ల కోసం కట్టిందే. తర్వాత కాలువ కొసకు నీళ్లు అందక, గోదావరి నుంచి మోటర్లతోని నీళ్లు ఎత్తి ఇండ్లకెల్లే పంపే లిఫ్టు పెట్టిండ్రు. డ్యామ్ కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు, జూలై 11, తెలంగాణల ఇంజనీర్ల దినం. మంచిదే. తట్టలు మోసినోళ్ల దినం ఏది అని మా నాయకపోడు దోస్తు అడిగిండు. ఎవ్వరం జవాబు చెప్పలే.

చెరువు దాటినంక తారు విడిచిపెట్టినం. ఇక్కడికెల్లి మొరం. ఎర్రగ, సన్న రాళ్లతోని, నడుమ గడ్డి మొలిచి, రెండు దిక్కుల బండి గాడి. తొక్కేటోళ్లకు ఒక మాట: మొరం మీద టైర్ల గాలి జర తక్కువ పెట్టుండ్రి, పట్టు దొరుకుతది, చేతులు గుంజవు. మరీ తక్కువ పెడితే రాయి మీద పడ్డప్పుడు రిమ్ము ట్యూబును నొక్కి పక్కపక్కన రెండు చిల్లులు పడతయి. రేంజర్‌కు అట్లనే పడ్డయి. పంచర్ సామాన్ వెంట ఉండె. టేకు చెట్టు కింద కూసొని, ట్యూబును నీటి గుంటల ముంచి బుడగలు చూసి అతికినం. ఆ సేపట్ల మా గోండు దోస్తు కేస్లాపూర్ నాగోబా ముచ్చట చెప్పిండు. మెస్రం వంశపోళ్లు జాతరకు ముందు గోదావరి నీళ్ల కోసం ఉత్త కాళ్లతోని అడవులల్ల పడి నడిచి పోతరు, నడిచే తిరిగి వస్తరు. ‘ఏడికి పోతున్నమో అది సగమే, ఎట్ల పోతున్నమో అది సగం’ అని వాళ్ల పెద్దలంటరట.

లంబాడీలకు కూడా ఈ తొవ్వలు కొత్త కాదు. మా పాత పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంత తిరిగినోళ్లు. ఆ బిడారును లదేణి అంటం. మొగలు సైన్యాలకు, తర్వాత టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన ఇంగ్లీషోళ్ల సైన్యానికి కూడా తిండిగింజలు మోసింది వాళ్లే. రైలు వచ్చింది, సడక్ వచ్చింది, లదేణి పోయింది. ఎద్దులు పోయినంక మనుషులే తిరుగుడు మొదలైంది, చెరుకు దిక్కు, హైదరాబాద్ అడ్డా కూలి దిక్కు. మేం గుట్ల తొక్కుతుంటే చేతుల ఏ మోపు లేదు, వెనక ఏ బస్తా లేదు. ఉట్టిగ తొక్కుడు. మా ఇంటోళ్లు ఎవలైనా ఈ అడవిల ఉట్టిగ తిరిగిండ్రా అని ఆలోచిస్తే, తునికాకు లేకుంటే కట్టెలు, ఏదో ఒకటి నెత్తి మీద ఉండేది.

ఎడపల్లి మీదికెల్లి బోధన్ చేరేసరికి పగలు తిరిగింది. గ్రూప్స్‌కు చదివేటోళ్లు రాసుకోండ్రి: బుద్ధుని కాలం నాటి 16 మహాజనపదాలల్ల దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే, దాని రాజధాని పోదన మన బోధనే అని చరిత్రకారులు చెప్తరు. జైనుల బాహుబలి కథల వచ్చే పౌదనపురం కూడా ఇదే అంటరు. చావుండరాయని తల్లికి పౌదనపురం బాహుబలిని చూడాలని ఉండెనట, తొవ్వ అడవి కమ్ముకుని పోరాకుండ అయిందట, అందుకే శ్రావణబెళగొళల ఆ పెద్ద విగ్రహం చెక్కించిండట.

దేవల్ మసీదు ముందల నిలబడ్డం. లోపలికి పోలే, బయట నుంచే చూసినం. గోడలు నక్షత్రం లెక్క మూలలు మూలలుగ ఉంటయి. జైనులది అని కొందరు, ఇంద్రనారాయణ స్వామి గుడి అని కొందరు, తుగ్లక్ కాలంల మసీదైంది అని పుస్తకాలు. దాని మీద లొల్లి పెట్టుకునేటోళ్లు ఉన్నరు, మాకు ఆ పని లేదు. మేం చూసింది రాళ్ల మీది చెక్కుడు పని. ఎవలు చెక్కిండ్రో ఏ దిక్కూ రాసి లేదు.

బోధన్ ఊరోళ్లు దీన్ని ఏకచక్రపురం అని కూడా అంటరు. బకాసురుని ఊరు. వారీగ ఒక్కో ఇంటి నుంచి బండెడు అన్నం, బండికి కట్టిన దున్నపోతులు, దాన్ని తోలుకుపోయే మనిషి, మూడింటినీ తినేటోడు వాడు. చిన్నప్పుడు ఈ కథల భీముడు మస్తు నచ్చేటోడు. ఈసారి మాకు బండి తోలేటోడే యాదికొచ్చిండు. మా దోస్తు నవ్వుకుంట ‘ఈ ఏడు వారీ మాది’ అన్నడు. మేం నవ్వలే.

శక్కర్‌నగర్ దిక్కు పోతే ఫ్యాక్టరీ చిమ్నీ కనపడ్డది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల మొదలైంది, ఒకప్పుడు ఆసియాలనే పెద్దది అని చెప్పుకునేటోళ్లు. 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోయింది, 2015 డిసెంబర్ల లేఆఫ్ ప్రకటించిండ్రు. దీనికీ మా దోస్తు చదువుకూ సంబంధం ఏంది అంటరేమో. ఉన్నది. ఇక్కడ గానుగ నడిచిన దినాలల్ల చెరుకు కొట్టేటోళ్లు పొద్దుగాల పోయి రాత్రికి ఇల్లు చేరేటోళ్లు. పిల్లలు బడిల ఉండేటోళ్లు. ఇప్పుడు చెరుకు చేన్ల జాగల వరి, సోయా. చెరుకు కొట్టుడు వచ్చినోళ్లు మాత్రం ఆ పని ఎక్కడుంటే అక్కడికి పోతున్నరు, ఐదారు నెలలు చేన్ల పక్క గుడిసెలల్ల ఉంటున్నరు. వాడు బడికి పోయిన ఏండ్లల్ల మొదటివి ఫ్యాక్టరీ నడిచినవి. వాని తమ్ముని లెక్క వేరే, వాడు ఆరో తరగతిలనే ఆగిండు.

తండా చేరేసరికి దీపాలు పెట్టిండ్రు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. కాకా ముందుగాల మాతోని ఏం మాట్లాడలే. సైకిళ్ల దగ్గరికి పోయి ఒక్కొక్క టైరును బొటనవేలుతోని ఒత్తి చూసిండు. ‘గాలి తక్కువుంది’ అన్నడు. మొరానికి అట్లనే ఉండాలె కాకా అన్నం. ‘ఎవలు చెప్పిండ్రు?’ ఫోన్‌ల చూసినమంటే నవ్విండు. ‘నేను ముప్పై ఏండ్లు తొక్కిన, నన్ను అడగకపోయిండ్రు.’

తిన్నంక వాడే మాట తీసిండు. పరీక్షలు రాస్త అన్నడు. ఆఖరు సంవత్సరం బాపు, ఇప్పుడు విడిచిపెడితే మూడేండ్లు పోతయి అన్నడు. కాకా చాలా సేపు ఊకున్నడు. జంటకు తీసుకున్న అడ్వాన్స్ ఇంటి కప్పుకు, యాడి దవఖానకు ఖర్చైంది. ఒక్కడే పోతే సగం కోయ్తా కింద పెట్టుకుంటరు, జోడీ లేని ఇంకొకనితోని కలుపుతరు. కానీ సగం పైసలు దీపావళి లోపట ముఖద్దంకు తిరిగి కట్టాలె. ఇంటి ముందు రెండు మేకలున్నయి. ఒకటి బడాపహాడ్ మొక్కుది. కొడుకు డిగ్రీ అయితే కందూరు చేస్తనని యాడి మొక్కుకున్నది, దానికే పెంచుతున్నది. మా దిక్కు తెల్వనోళ్లకు: బడాపహాడ్ అంటే వర్ని మండలం జలాల్‌పూర్ దగ్గర అడవిల గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా. తురకోళ్లు, హిందువులు, తండాలోళ్లు అందరం పోతం.

‘రెండూ అమ్ముత’ అన్నడు కాకా. యాడి వద్దన్నది, మొక్కు మేకను అమ్మితే కొడుక్కే తాకుతది అన్నది. ‘బాబా ఆగుతడు. ముఖద్దం ఆగడు’ అన్నడు కాకా. ఇంక ఆ రాత్రి ఎవ్వలు మాట్లాడలే.

పొద్దుగాల మేం లేచేసరికి యాడి తానం చేసి తయారుగున్నది. అమ్మే ముందు బాబాకు తనే చెప్పుకుంటదట. అట్లాస్ క్యారేజీ మీద గోనెసంచి మడతపెట్టి కూసోబెట్టినం. తొక్కలే, నడిపించుకుంటనే పోయినం, మొరం మీద కుదిపితే నడుముకు మంచిగుండదని. రెండు పక్కల టేకు, మోదుగ, ఎక్కడో నెమలి అరుస్తున్నది. గుట్ట మెట్లు మాత్రం తనే ఎక్కింది. పది మెట్లకు ఒకసారి కూసున్నది, పట్టుకుంటమంటే వద్దన్నది. పైన దర్గా గడప దగ్గర తల ఆనించి మా గోర్ బోలిలనే చెప్పింది: ఈ మేక పోతున్నది, కోపం చేయకు, వీడు చదువు పూర్తి చేసినంక వీని జీతంతోనే ఇంకో మేక తెస్తం, అప్పటిదాక రాసిపెట్టుకో. అక్కడున్న ముజావర్ ముసలాయనకు ఆ భాష రాదు, అయినా నెమలి ఈకల కట్టతోని తల మీద తట్టి ‘అచ్ఛా అమ్మా’ అన్నడు.

వచ్చేటప్పుడు తిన్నగ వర్ని రోడ్డు పట్టుకున్నం, చుట్టు తిరగలే. వాడు మాతోనే వచ్చిండు. ఇప్పుడు పై మంచం మీద పండుకుని పొలిటికల్ సైన్స్ గైడు చదువుతున్నడు. మేకలు వర్ని అంగట్ల అమ్ముడుపోయినయి. కాకా దీపావళి తెల్లారి పోతడు, సగం కోయ్తా. పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ బుధవారం, దాని పైసలు మేం ముగ్గురం జమచేసినం, ఆ సంగతి గ్రూపుల పెట్టొద్దన్నడు కానీ పెడుతున్నం.

నిజామాబాద్ దిక్కు ఎవలైనా పాత సైకిల్ అమ్మేటోళ్లుంటే చెప్పుండ్రి. మాకు నాలుగోది కావాలె. నల్లదైనా సరే.