మూడు రాష్ట్రాల్లో ముగ్గురం, నడుమ అమ్మ

మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం, మూడు రాష్ట్రాల్లో పడ్డాం. పెద్దక్క తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా వేపనపల్లి దగ్గర. చెల్లెలు కర్ణాటకలో, బంగారపేట. నేను మదనపల్లె. అమ్మ కుప్పం దగ్గర మా పల్లెలోనే ఉంది, ఒక్కతే. ఆడపిల్లల్ని ఎంతెంత దూరం ఇచ్చారో అనుకుంటారేమో. కుప్పంలో రైలెక్కితే గంటలోపే బంగారపేట. నేను పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేసరికి సగం రోజు పోతుంది. సొంత రాష్ట్రంలో ఉన్న నేనే అమ్మకి దూరపు బిడ్డని.

మా వైపు సంబంధం చూసేటప్పుడు రాష్ట్రం ఎవరూ అడగరు. బోరులో నీళ్లున్నాయా, పిల్లోడు తాగుతాడా, అవే అడుగుతారు. సరిహద్దు దాటినా ఇంట్లో మాట తెలుగే. పొయ్యి మీద ఉడికేది రాగులే. మేం సంగటి అంటాం, చెల్లెలింట్లో ముద్ద అంటారు, పెద్దక్క ఊళ్లో కళి. టమాటాలు కూడా మదనపల్లెలో ధర బాగుంటే ఇటు, కోలారులో బాగుంటే అటు పోతాయి. మా జేజి మద్రాసు రాష్ట్రంలో పెళ్లి చేసుకుంది. గడప మారకుండానే 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ చూసింది. 1960లో మళ్లీ గీత కాస్త జరిగింది. తిరుత్తణి అటు పోయి, అటువైపు కొన్ని పల్లెలు మన చిత్తూరు జిల్లాలో కలిశాయి. జేజికి అవేవీ పట్టలేదు. అప్పట్లో ఆ గీత ఆడదాని చేతికొచ్చే డబ్బు దాకా రాలేదు మరి.

ఇప్పుడు వచ్చింది. మొన్నొకసారి చెల్లెలు పుంగనూరులో మేనమామ ఇంటికొచ్చింది. ఇద్దరం కలిసి అమ్మ దగ్గరికి బయల్దేరాం. పలమనేరులో కుప్పం బస్సెక్కి ఒకే సీట్లో కూర్చున్నాం. కండక్టరు నా ఆధార్ చూసి జీరో టికెట్ ఇచ్చాడు, 2025 ఆగస్టు 15 నుంచి మనకు స్త్రీ శక్తి ఉంది కదా. చెల్లెలి ఆధార్ కర్ణాటకది, డబ్బులు తియ్యమన్నాడు. "ఒక కడుపున పుట్టినాము, టికెట్లు మాత్రం వేరేనా అక్కా" అని నవ్వింది. వాళ్లకు శక్తి పథకం 2023 జూన్ నుంచే ఉంది. ముళబాగిలు దాకా ఆమె ఉచితంగానే వచ్చింది. అక్కడి నుంచి పుంగనూరుకే డబ్బులు పెట్టింది. నేను వాళ్లూరు పోతే ఇదే తిరగబడుతుంది. పెద్దక్క వైపు మాత్రం టౌన్ బస్సులో ఆధార్ అడగరు, ఏ ఊరి ఆడదైనా ఎక్కొచ్చు. ఆ ఒక్క పద్ధతీ నాకు భలే నచ్చింది.

మేం కలిస్తే డబ్బుల ముచ్చట తప్పదు. చెల్లెలి ఇంటికి గృహలక్ష్మి కింద నెలకు 2000. రేషన్ కార్డులో యజమానురాలు వాళ్లత్త కాబట్టి ఆ డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది, దాని మీద ఎన్ని కథలున్నాయో చెప్పలేను. పెద్దక్కకు 2023 సెప్టెంబరు నుంచి నెలకు 1000, తన సొంత ఖాతాలో. నాకు నెలనెలా రాదు కానీ, 2025లో తల్లికి వందనం కింద పిల్లాడికి 13,000 పడింది. ఎవరిది ఎక్కువో లెక్కేసి మేమే నవ్వుకుంటాం. అయినా 2000 అత్త ఖాతాలో ఉండడం కంటే 1000 మన చేతిలో ఉండడమే మేలని నా ఉద్దేశం.

పిల్లల దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు. చెల్లెలి కూతురు కన్నడంలో చదువుతుంది. రెండు లిపులూ దగ్గర కాబట్టి మన బస్సు బోర్డు కూడబలుక్కుని చదివేస్తుంది. పెద్దక్క కొడుకు తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. అక్కడ 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లల్లో ఈ బాధ చాలామందికి ఉంది. మా ఇంటి పెళ్లిపత్రికలో తన పేరెక్కడుందో వాడికి నేను వేలుపెట్టి చూపించాల్సి వచ్చింది.

మా ఆడపడుచు కూతురు డెట్రాయిట్‌లో ఉంటుంది. నది అవతల కెనడా ఊరు విండ్సర్. అక్కణ్ణుంచి రోజూ నర్సులు వంతెన దాటో, నది కింద సొరంగంలోనో డెట్రాయిట్ ఆసుపత్రులకు డ్యూటీకొస్తారట, పాస్‌పోర్టు చూపించి. "మీది నయం అత్తా, మిమ్మల్నెవరూ ఆపరు" అంది. ఆపారమ్మా, 2020లో ఆపారు. ఆ ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు మన చిత్తూరు వైపు వచ్చే రోడ్ల మీద ఏకంగా గోడలే కట్టించారు, గొడవయ్యాక తీసేశారు. ఆ ఏడే మా నాన్న పోయాడు. అంత దగ్గరున్న పెద్దక్క ఈ-పాస్ వచ్చి చేరేసరికి మూడోరోజు. నాన్న ముఖం చూడలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి పోతుంది.

అప్పటి నుంచి అమ్మ ఒంటరిది. మోకాళ్లు పట్టేశాయి, బావి దగ్గర ఒకసారి పడింది కూడా. చెల్లెలు వచ్చి తీసుకుపోతానంటుంది. నేనూ రమ్మన్నాను. మదనపల్లె అయితే రాష్ట్రం ఒకటే, పింఛను ఇక్కడికి మార్పించుకోవచ్చు. "నీ ఇల్లు మేడ మీద, మెట్లు నేనెక్కలేను" అంది. చెల్లెలిల్లు నేలమీదే. కానీ అమ్మకు నెలకు 4000 పింఛను, ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. గీత దాటి అక్కడే ఉండిపోతే అది నిలిచిపోతుంది.

"నాలుగు వేలే కదమ్మా, మేం ముగ్గురం తలాకొంచెం వేసుకుంటాం" అన్నాను. అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత అంది: "మీరిచ్చేది మీ మొగుళ్లనడిగి ఇచ్చేది. అది నాది. మనవరాలు వస్తే దాని చేతిలో వంద పెట్టేది ఆ డబ్బులోంచే."

దానికి మా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడోనెల కలిపి ఇస్తున్నారని తెలిశాక, ఒక ఏర్పాటు చేసుకున్నాం. రెండు నెలలు బంగారపేటలో ఉండి, మూడోనెల ఒకటికి ముందే అమ్మ పల్లెకి రావాలి. ఆ వారం నేనూ పోయి ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టి, కందిపప్పు, రాగిపిండి డబ్బాల్లో పోసి వస్తాను. పెద్దక్క కూడా ఆ రోజుకే వస్తానంది. వచ్చే ఒకటో తారీఖు మొదటిసారి. చెల్లెలు రైలు టికెట్లు తీసింది. అమ్మ అప్పుడే పక్కింటి పిల్లకి ఫోన్ చేసి, పింఛను సారు ఎన్నింటికొస్తాడో కనుక్కోమని చెప్పిందట.