నీళ్లు కావాలా... 'ముల్ జుసేయో'!

కర్ణాటక సరిహద్దులోని అగళి వాళ్లకి రెండు భాషల్లో అన్నం అడగడం అలవాటే. తెలుగులో సంగటి, కన్నడలో ముద్దె... కంచంలోకొచ్చేది రాగిదే! ఇప్పుడు మూడో భాషతోనూ పనిపడుతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. దాంతోపాటే ఆ చుట్టుపక్కలకు కొరియా హోటళ్లూ వచ్చాయి.

అక్కడ భోంచేయాలంటే నాలుగు ముక్కలొస్తే చాలు. సర్వరును పిలవాలంటే 'యొగియో'. నీళ్లు 'ముల్', అన్నం 'బాప్'. దేనికైనా చివర్లో 'జుసేయో' చేర్చాలి. అంటే 'ఇవ్వండి' అని. మనలాగే వాళ్లకీ క్రియ చివరే వస్తుంది, మర్యాదా అందులోనే ఉంటుంది.

మాంసం వద్దనుకుంటే 'గోగి ప్పేగో జుసేయో' అనాలి. అయినా శాకాహారులు కిమ్చీ గురించి విడిగా అడగాల్సిందే. అందులో చాలాసార్లు ఊరబెట్టిన చేపలో, రొయ్యలో కలుస్తాయి మరి! నచ్చితే 'మసిస్సొయో' అనండి... రుచిగా ఉందని.