మెఱుగుయంత్రపు బేరము

కారునకు మెఱుగు పెట్టు యంత్రమును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేల యని కొందఱడుగవచ్చును. సొమ్ము మా పెట్టెలోనిది గనుక బేరమును మాదే. మహిళాసంఘములో నెలనెల దాచుకొన్న పొదుపుపై మేము అప్పు తీసికొనగా, మా చిన్నవాడు ఒకరు వాడిన నల్లకారును కొనెను. దానిని పెండ్లిండ్లకు బాడుగకు త్రిప్పవలెనని వాని తలంపు. అప్పు వాయిదా నెల తప్పరాదు. పెండ్లివారో, కారు కంటికి నచ్చిననే గాని బాడుగ మాట యెత్తరు. ఇంజను మంచిదే. కాని యెండలో నిలిపినచో పైకప్పంతయు సాలెగూడు పఱచినట్లు సన్నని గీతలు కనబడుచుండెను.

ఈ గీతలకు దుమ్మే మూలము. మా తొగుట మండలమున మల్లన్నసాగరము కట్ట వేయునాళ్లలో, 2022 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవమగువఱకు, లారీలు లేపిన దుమ్ము గిన్నెలమీద సైతము పేరుకొనెడిది. ఆ లారీలు పోయినను వరికోతలనాటి పొట్టును, చెలకదారుల మన్నును ఉండనే యున్నవి. కారును కడుగక పొడిగుడ్డతో తుడిచినచో ఆ యిసుకరేణువులే గీయును. బోరునీటితో కడిగి ఎండకు వదలినచో సున్నపు మచ్చలు మిగులును.

కారు రంగు ఒక్క పూత కాదు. రేకుమీద తుప్పు నాపు పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నింటిపై క్లియరు కోటను రంగులేని పూత. ఈ పైపూత మందము తఱుచుగా 40, 50 మైక్రానులు మాత్రమే; తలవెండ్రుక యంతకంటె లావుగా నుండును. మెఱుగు పెట్టుటయనగా గీతను పూడ్చుట గాదు, గీత అడుగు దొరకువఱకు చుట్టునున్న పూతను అఱగదీయుట. అఱిగినది మరల రాదు. పట్టుచీర మీద ఇస్త్రీపెట్టెను నిలిపి యుంచిన నేమగునో, యంత్రమును ఒక్కచోట నిలిపినను అదియే యగును.

యంత్రములు ముఖ్యముగా రెండు తెఱగులు. రోటరీ పాలిషరులో ప్యాడు ఒకే యిరుసుపై గిఱ్ఱున తిరుగును; నొక్కినను ఆగదు; లోతు గీతలను త్వరగా తీయును, వేడిని సైతము త్వరగా పుట్టించును. డ్యూయలాక్షను అనుదానిలో ప్యాడు తిరుగుచు ఊగులాడును. గట్టిగా నొక్కినచో తిరుగుట మానును, కావున క్రొత్త చేతికి భయము తక్కువ. ఇంటి కారొక్కటే యైనచో రెండవదియే కొనుడని మా సలహా. మావాడు ఊరివారి కార్లకును రబ్బింగు చేసి నాలుగు రూకలు సంపాదింప దలచెను. చవుకసరకులో కీలు తక్కువైన రోటరీయే యెక్కువ కాలము మన్నునని మాకు తోచెను.

సిద్దిపేటలో అంగడివాడు ముందుగా వాట్లు చదివెను. తరువాత పెట్టెమీద పెద్ద అక్షరములలో నున్న 3000 చుట్ల వేగమును చూపెను. మేము కనిష్ఠవేగమెంత యని యడిగితిమి. “అమ్మా, వేగమధికమైన పని త్వరగా ముగియును గదా!” యనెను. మిక్సీలో రుబ్బిన పిండి వేడెక్కుననియు, రాతి గ్రైండరులోనిది చల్లగా నుండుననియు ఏ యిల్లాలికి తెలియదు? మాకు గావలసినది నిమిషమునకు 600 చుట్లతో మొదలగు యంత్రము. వేయికి పైననే మొదలగువానిని ప్రక్కకు పెట్టించితిమి. వెల్డింగు పనివారి గ్రైండరునకు ప్యాడు తగిలించుకొనుడని మఱియొకడు సలహా యిచ్చెను; అది 11,000 చుట్లు తిరుగును! వెల సగమే గాని రంగు నిలుచునా?

మీట నొక్కగానే యెగిరి పడక మెల్లగా వేగమందుకొనవలెను. లేనిచో కాంపౌండు గోడలపాలగును. ప్యాడును అదిమినప్పుడు వేగము పడిపోరాదు. ఇరుసు మరచుట్టు 14 మిల్లీమీటర్లదైనచో ప్యాడు బిళ్లలు సులభముగా దొరకును. కార్బను బ్రష్షులు విడిగా అమ్ముదురో లేదో యడిగితిమి. బరువును కూడ చూడవలెను. నిండు బిందెను నడుమున మోయు మాకే, మూడు కిలోలను చేతులు చాచి పట్టుకొనగా భుజములు లాగినవి.

సొమ్మంతయు యంత్రమునకే పోసిన ప్రయోజనము లేదు. పొయ్యి కొని గిన్నెలు కొననట్లగును. కోయుటకు ఉన్ని ప్యాడు, నునుపు దీయుటకు స్పాంజి ప్యాడులు, రెండు రకముల కాంపౌండు, అంచులకు అంటించు టేపు, మెత్తని తువాళ్లు, వీనికై మూడవవంతు సొమ్మును వేఱుగా మూటగట్టి యుంచితిమి. మావాడు మరింత పెద్ద యంత్రముపై కన్నువేసెను గాని మూట విప్పనీయలేదు.

పాత యినుపసామాను కొట్టునుండి ఒక బానెట్టు తెప్పించి, మూడు దినములు దానిమీదనే చేయి తిప్పించితిమి. 600 చుట్లతో మందు పఱచుట, పిదప 1200 దాటకుండ నడుపుట, ప్రతి విడతకు రేకును అఱచేత తాకి చూచుట. చేయి చుఱ్ఱుమనిన ఆపవలెను. అంచువద్ద వాడు ఒకసారి రంగును తెల్లగా కాల్చెను; తుక్కుబానెట్టు గనుక నవ్వుకొంటిమి. నాలుగవనాడు చెట్టునీడలో కారు తలుపు నొకదానిని వానికి వదలితిమి. నలుపులో మా ముఖములు కనబడినవి. పైకప్పింకను మిగిలి యున్నది. మాఘమాసపు లగ్నములకు ముందే దానిని ముగింపవలెను.