బకెట్లో నీళ్లు

మా నెల్లూరు తీరంలో కాలి పుండుతో వచ్చే షుగర్ రోగుల్లో రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లు చాలామంది. ఉప్పునీళ్లలో నానిన పాదానికి చిన్న గీత పడినా మానడానికి వారాలు పడుతుంది. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన పుండు ఎర్రగా కండపట్టి, ఇక మానుతుందనుకున్న దశలో వార్డులోనే మళ్లీ చీము పట్టింది. చీము కల్చర్‌కు పంపి, మందు మార్చాం. మర్నాడు తెల్లారేసరికి వార్డుకు వెళ్లి నిలబడ్డాను.

పొడి చీపురుతో ఊడుస్తున్నారు. చెప్పులకంటుకుని వచ్చిన ఇసుక, దుమ్ము కిటికీ వెలుతుర్లో లేచి మంచాల మీద వాలుతోంది. సరిగ్గా అప్పుడే సిస్టర్ ఒకరి కట్టు విప్పుతోంది. ఆ తర్వాత తడిగుడ్డ: ఒకటే బకెట్, ఒకటే మాపు, మరుగుదొడ్డి దగ్గర మొదలై వార్డు లోపలికి. నాలుగో మంచం చేరేసరికి నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఫినాయిల్ వాసన మాత్రం గుప్పుమంటోంది. ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అని ఒక రోగి తల్లి మెచ్చుకుంది కూడా.

ఆయన పుండు చెడింది నేల వల్లేనని అనను. సూక్ష్మజీవులు ఎక్కువగా చేతుల మీద, మంచం ఊచల మీద, డ్రెస్సింగ్ ట్రేల మీద ప్రయాణిస్తాయి. కానీ ఎసినెటోబ్యాక్టర్ లాంటివి పొడిచోట కూడా వారాల తరబడి బతికుంటాయి. మురికి మాపు వాటిని ఈ మంచం కింద నుంచి ఆ మంచం కిందికి చేరవేస్తుంది.

వార్డులో వాడే బ్లీచింగ్ పొడి సంగతి ఆ ఇందుకూరుపేట రోగే చెప్పాడు. వరండాలో మూతి తెరిచి ఉన్న సంచిలో చెయ్యి పెట్టి, గడ్డలు చిదిమి వాసన చూశాడు. "ఇది గాలికి చచ్చిపోయింది సార్. గుంటకు కొట్టినా దీంతో ఏం పని జరగదు" అన్నాడు. నిజమే. ఉప్పుగాలి తేమకు, ఎండకు క్లోరిన్ పోతుంది. మంచి బ్లీచింగ్‌లో 30 శాతానికి పైగా క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లకు 33 గ్రాములు కలిపితే దాదాపు ఒక శాతం ద్రావణం వస్తుంది. పొడి సగం చచ్చిపోయి ఉంటే ఈ లెక్కంతా తప్పు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించింది ఈ క్లోరిన్ సున్నంతోనే. అంత శక్తిగల మందైనా మట్టినీళ్లలో పోస్తే మట్టితోనే ఖర్చయిపోతుంది. ముందు సబ్బునీళ్లు, ఆ తర్వాతే మందు.

ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 2015లో వచ్చిన కాయకల్ప పథకం నుంచి మూడు బకెట్ల పద్ధతి గురించి అందరూ విన్నారు: సబ్బునీళ్లకొకటి, మాపు జాడించే మంచినీళ్లకొకటి, మందునీళ్లకొకటి. లోపలి గోడ నుంచి గుమ్మం వైపు రావాలి. మరుగుదొడ్డి మాపు వార్డు గడప తొక్కకూడదు. ఓపీ వరండాకు మామూలుగా సబ్బునీళ్లు చాలు. ఆపరేషన్ థియేటర్‌కు, కాన్పుల గదికి మందు తప్పదు. రక్తం పడితే గుడ్డ కప్పి, ఒక శాతం హైపోక్లోరైట్ పోసి, 10 నిమిషాలు ఆగి తుడవాలి. నేల తుడిచే యంత్రం కొందామా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మంచాల మధ్య మనిషే సరిగా పట్టని వార్డులో యంత్రం ఎక్కడ తిరుగుతుంది? ఆ డబ్బుతో మాపులు కొనండి.

బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపి, ఆ గ్యాసుకు ఊపిరాడక ఒక ఆయమ్మ నా దగ్గరికే పేషెంటుగా వచ్చింది. ఏది దేంతో కలపకూడదో ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చేతికి గ్లౌజులూ లేవు. వార్డులో అందరికన్నా ముందు జబ్బుకు ఎదురుపడే మనిషి ఆమె. నేల తుడిచే పద్ధతి ఎంచుకునేటప్పుడు ముందు ఆమెను కూర్చోబెట్టి అడగాలి. మాపు ఆరక కంపు కొడుతోందన్న మాట కూడా ఆమె నోటి నుంచే విన్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ముసురు పడితే గుడ్డ ఆరదు, తడి మాపులో రాత్రికి రాత్రే క్రిములు పెరుగుతాయి. అందుకే ఆ మూడు నెలలకు మాపు గుడ్డలు రెట్టింపు కావాలని ఏటా వానలకు ముందే స్టోరుకు ఇండెంట్ పెడుతున్నాను.