యాభై తూటాలు, ఒక సందేహం

రాత్రి రెండు గంటలయింది. విశ్రాంత గణితోపాధ్యాయుడొకాయన పక్క మీద లేచి కూర్చున్నాడు. కింద గ్యారేజీలో, బల్ల మీది అట్టపెట్టెలో యాభై పిస్తోలు తూటాలున్నాయి. జీవితంలో మొదటిసారిగా ఆయన స్వహస్తాలతో తయారుచేసినవి అవి. సాయంత్రం వాటిని చూసుకుని ఎంత సంతోషించాడో, ఇప్పుడు వాటిని తలచుకుని అంత కలవరపడుతున్నాడు. వాటిలో ఒకటి సరిగా లేదేమోనన్న అనుమానం ఆయనకు కునుకు పట్టనివ్వడం లేదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు చేరువలో ఉన్న ఒక చిన్న ఊరు ఆయనది. ఆ తీరాననే ఉన్న క్యాంప్ పెర్రీలో 1907లో జాతీయ గురి పోటీలు మొదలయ్యాయి. ఆ ప్రాంతంలో శనివారంనాడు క్లబ్బుకు వెళ్లి అట్ట మీది వలయాలకు గురిచూసి కాల్చడం చాలామందికి వినోదం. మాస్టారి చేతిలోది పాత పాయింట్ 38 స్పెషల్ రివాల్వరు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు దుకాణాల్లో తూటాలు కరవయ్యాయి, ధరలు మండిపోయాయి. కాల్చగా మిగిలిన ఇత్తడి తొడుగులు మాత్రం ఆయన దగ్గర కాఫీ డబ్బాల నిండా ఉన్నాయి. ప్రైమర్లు మళ్లీ దొరకసాగిన తరువాత, వాటిని తానే తిరిగి నింపుకోవాలన్న కోరిక పుట్టింది.

మన దేశంలో ఇది ఇంటిపట్టున చేసుకునే పని కాదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తూటాలు తయారుచేయాలంటే లైసెన్సు ఉండి తీరాలి. అమెరికాలో సొంత వాడకానికి చేసుకునేవారిని కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి చేసేవారిని అడుగుతుంది. అందుకే అక్కడ వడ్రంగం వలె, గడియారాల మరమ్మతు వలె, ఇది కూడా ఒక వ్యాసంగంగా నిలిచింది.

తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పురవ్వనిచ్చే ప్రైమరు, లోపల మందు, పైన గుండు. కాల్చినప్పుడు మందు మండిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. మిగిలేది తొడుగు. నాలుగింటిలోనూ విలువైనది సాధారణంగా అదే. దానిని ఎన్నోసార్లు వాడుకోవచ్చు. ఇందులో ఒక చమత్కారమున్నది. అమెరికన్ తొడుగుల్లో ఇమిడే ప్రైమరు రూపొందించినవాడు బ్రిటిషు సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్. అమెరికన్ అయిన హైరమ్ బెర్డన్ రూపకల్పన ఐరోపాలో వ్యాపించింది. బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది కనుక, సన్నని సూదితో పాత ప్రైమరును బయటికి నెట్టివేయవచ్చు. ఇంటి దగ్గర తూటాలు నింపుకొనే విద్య అంతా ఆ ఒక్క రంధ్రం మీద ఆధారపడి ఉన్నది.

మాస్టారికి గురువుగా దొరికినవాడు పక్కింటి వృద్ధుడు. ఒకప్పుడు యంత్రశాలలో పనిముట్లు చేసిన మనిషి. నలభై ఏళ్లుగా తన తూటాలు తానే నింపుకుంటున్నాడు. మొదటిరోజు ఆయన ప్రెస్సును ముట్టుకోనివ్వలేదు. మందు కొలతలు ముద్రించిన పుస్తకాలు రెండు చేతికిచ్చి, “ముందు ఇవి చదవండి. రెంటిలోనూ ఉన్న కొలతలు పోల్చి చూడండి. ఎప్పుడూ తక్కువ కొలతతోనే మొదలుపెట్టండి. ఎవరో నోటితో చెప్పిన కొలత నమ్మవద్దు, నేను చెప్పినా సరే” అన్నాడు.

తరువాత నియమాలు వచ్చాయి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి. దరిదాపుల్లో నిప్పు ఉండరాదు. సీసం విషం కనుక, పని ముగిశాక చేతులు కడగనిదే ఏదీ తినరాదు. ఇవన్నీ మాస్టారికి సులభంగానే తోచాయి. త్రాసు ఆయనను మరీ ఆకర్షించింది. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు ఏడువేల గ్రెయిన్లు; మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో గ్రెయిను సుమారు సగం. లెక్కల మాస్టారికి ఇంతకంటె ఇష్టమైన ఆట ఏముంటుంది?

పెద్దాయన ఒక్క విషయం మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాడు. పాయింట్ 38 స్పెషల్ 1898 నాటిది. నల్లమందు వాడకం ఇంకా పోని రోజులవి. దానికి చోటు ఎక్కువ కావాలి కనుక తొడుగు పొడుగ్గా పెట్టారు. నేటి పొగరాని మందు అందులో కొద్దిపాటి చోటే ఆక్రమిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లిపోదు. కనుక గుండు పెట్టేముందు ప్రతి తొడుగులోకీ దీపం వేసి చూడాలి. “చూడకుండా మూయవద్దు, మాస్టారూ!” అన్నాడు.

ఆ సాయంత్రం మాస్టారు యాభై గుంటల చెక్కపలకలో తొడుగులు నిలబెట్టి, వరుసగా మందు పోస్తున్నాడు. మూడో వరుస మధ్యలో ఉండగా ఫోను మోగింది. దూరాన ఉన్న కుమార్తె. ఇరవై నిమిషాలు మాట్లాడి తిరిగి వచ్చాడు. ఎక్కడ ఆపాడో తనకు గుర్తే ఉన్నదనుకున్నాడు. మిగిలిన వాటిలో మందు పోశాడు. మనుమరాలి ముచ్చట్లు ఇంకా చెవిలో మెదులుతూ ఉండగా, దీపం సంగతి మరచి, యాభైకీ గుండ్లు బిగించాడు.

తెల్లవారగానే పెట్టె పట్టుకుని పక్కింటి తలుపు తట్టాడు. “త్రాసులో తూచితే తేలిపోదా?” అని అడిగాడు.

“తేలదు. తొడుగుకూ తొడుగుకూ, గుండుకూ గుండుకూ ఉండే తేడాలోనే ఆ కొద్ది మందు బరువు దాగిపోవచ్చు. సందేహం వచ్చిందా, విప్పవలసిందే” అన్నాడు పెద్దాయన.

తూటాలు విప్పడానికి సుత్తివంటి సాధనమొకటి ఉంటుంది. తూటాను అందులో బిగించి గట్టిగా కొడితే గుండు, మందు ఊడి లోపలి గదిలో పడతాయి. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటిగా కొట్టారు. పది, ఇరవై, ముప్ఫై. అన్నింటిలోనూ మందు సరిగానే ఉన్నది. రెట్టింపు మందున్నది ఒక్కటీ కనిపించలేదు. మాస్టారు తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. ముప్ఫై ఒకటోదాన్ని కొడితే గుండు ఒక్కటే పడింది. లోపల మందు లేదు.

మాస్టారు నవ్వాడు. “ఇదేనా? ఇది పేలేదే కాదు కదా!”

పెద్దాయన నవ్వలేదు. “ప్రైమరు పేలుతుంది. ఆ ఊపు గుండును గొట్టంలోకి నెడుతుంది, బయటికి పంపలేదు. గుండు అక్కడే ఇరుక్కుంటుంది. మీరు వేగంగా కాలుస్తూ మరోసారి మీట నొక్కితే, వెనుక వచ్చే గుండుకు దారి ఉండదు. గొట్టం పగిలిపోతుంది, మీ చేతిలోనే” అన్నాడు.

మాస్టారికి అప్పుడు జరిగినది అర్థమయింది. ఫోను దగ్గరనుంచి వచ్చి, ఒకే తొడుగులో రెండుసార్లు పోస్తానేమోనన్న భయంతో, ఒక గుంట వదలి ముందుకు జరిగాడు. ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి రెండోదానికి తలుపు తీశాడు. జ్ఞాపకాన్ని నమ్మినందుకు ఫలితమది. కన్ను చేయవలసిన పనిని మనస్సుకు అప్పగించాడు.

మిగిలిన పంతొమ్మిదీ విప్పారు. అవి బాగానే ఉన్నాయి. ఆ మందునంతా పెద్దాయన పెరట్లోని పచ్చిక మీద పలచగా చల్లించాడు.

మరుసటి వారం మాస్టారు ఫోనును వంటగదిలో ఉంచి గ్యారేజీకి వెళ్లాడు. పలకలోని యాభై తొడుగుల్లోకీ దీపం వేసి చూశాడు, మళ్లీ చూశాడు, తరువాతనే గుండ్లు బిగించాడు. పెట్టె మీద తేదీ, మందు పేరు, కొలత రాశాడు. శనివారం క్లబ్బులో యాభై తూటాలూ ఒకే ధ్వనితో పేలాయి. గురి అంత గొప్పగా లేదు. ఖాళీ తొడుగులను డబ్బాలో వేసుకుంటూ ఆయన లెక్కపెట్టాడు. సరిగ్గా యాభై ఉన్నాయి.